అరవై అయిదో యేట మౌఖిక పరీక్ష

ఈ వయసులో నేనొక సాంకేతిక సంస్థలో ఉద్యోగానికి దరఖాస్తు చేశానంటే మీలో కొందరు నవ్వుకుంటారని తెలుసు. మా ఇంట్లోవాళ్ళు నవ్వనే నవ్వారు. పదవీ విరమణ చేసి అయిదేళ్ళు దాటిన తెలుగు పండితునికి కంప్యూటరు కంపెనీతో ఏం పని అని అడిగినవాళ్ళకు సూటిగా సమాధానం చెప్పలేదు. ఇక్కడ చెబుతాను. పింఛను చాలక కాదు. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలను పరీక్షిస్తూ వచ్చినవానికి, తననూ ఎవరైనా ఒక్కసారి కూర్చోబెట్టి పరీక్షిస్తే బాగుండునన్న కోరిక మనసులో ఏ మూలనో మిగిలిపోతుంది. ఫలితం ముందే చెప్పేస్తున్నాను, నెగ్గలేదు. ఉత్కంఠ కోసం చదివేవారు ఇక్కడ ఆగిపోయినా నాకు అభ్యంతరం లేదు.

మా ఇల్లు విశాఖపట్నంలో కంచరపాలెం. రాత్రి వీధి సద్దుమణిగాక ఓడరేవు వైపు నుండి ఓడకూత వినిపిస్తుంది, రైలు కూత ఎలాగూ ఉంటుంది. జిల్లా ఉపాధి కల్పనా కార్యాలయం మా ఇంటికి నడిచి వెళ్ళగల దూరంలో ఉంది. ఆ పేరుతో దాన్ని ఎవరూ పిలవరు, ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజి అంటేనే దారి చూపిస్తారు. విజయనగరం మహారాజా సంస్కృత కళాశాలలో భాషాప్రవీణ ముగించి, పండిత శిక్షణ కూడా పూర్తి చేసుకుని, 1982లో నేను అక్కడ పేరు నమోదు చేయించుకున్నాను. అప్పుడు ఇచ్చిన కార్డును మూడేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఒక్క నెల మరచిపోతే వరుసలో మన స్థానం గల్లంతు. ఆ కార్డును మా నాన్నగారు ఇంటి దస్తావేజుల మధ్య, నల్ల ట్రంకుపెట్టెలో దాచేవారు. ఆయన పోర్టులో గుమాస్తాగా పనిచేసేవారు. కొడుకు చదివిన ఛందస్సుకన్న ఆ అట్టముక్క మీదనే ఆయనకు నమ్మకం ఎక్కువ.

ఆనాటి ఊరి స్థితి తెలిస్తేగాని ఆ నమ్మకం అర్థం కాదు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని వీధులు మారుమోగినప్పుడు నాకు ఆరేళ్ళు. తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చోవడం ఒక్కటే జ్ఞాపకం. ఆ ఉద్యమంలో ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. కర్మాగారాన్ని పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేసేసరికి 1992 ఆగస్టు వచ్చింది. నడుమ గడిచిన ఇరవై ఒక్క ఏళ్ళలో ఊళ్ళో చదువుకున్న ప్రతి కుర్రవాడూ ఒక కార్డు పట్టుకుని తపాలా బంట్రోతు కోసం ఎదురుచూసినవాడే. 'కాల్ లెటరు' అన్న మాట ఆ రోజుల్లో మా వీధుల్లో తెలుగు మాటే. నిరక్షరాస్యులైన అవ్వలు కూడా "మీ వాడికి కాల్లెటరొచ్చిందా?" అని పలకరించేవారు.

నాకు ఉక్కు రాలేదు, పలక వచ్చింది. 1986లో గ్రేడు-2 తెలుగు పండితుని ఉద్యోగానికి మౌఖిక పరీక్షకు పిలిచారు. పొడవాటి బల్ల వెనుక ముగ్గురు పెద్దలు. మొదటివారు ఉత్పలమాల గణాలు అడిగారు. భ-ర-న-భ-భ-ర-వ, పదవ అక్షరం యతి అని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. రెండవవారు సంధులు అడిగారు, అవీ చెప్పాను. మూడవవారు అంతవరకు కళ్ళు మూసుకుని ఉన్నవారు కళ్ళు తెరచి, "సముద్రం ఒడ్డున పుట్టినవాడివి. ఇక్కడ దొరికే చేపల పేర్లు పది చెప్పు నాయనా" అన్నారు. శాకాహార కుటుంబంలో పుట్టినవాణ్ణి. చందువ, కోనెం, సొర అని మూడింటి దగ్గర ఆగిపోయాను. మీనం, మత్స్యం, ఝషం అని పర్యాయపదాలు మాత్రం వరుసగా వచ్చాయి. ఆయన నవ్వి మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఉద్యోగం వచ్చింది. ఆ ప్రశ్న మాత్రం పరిహాసమని అనుకున్నాను, దాదాపు నలభై ఏళ్ళ పాటు.

ఇక ప్రస్తుతానికి వస్తాను. మా మేడ మీద వాటాలో ఒక కుటుంబం అద్దెకుంటున్నది. ఇంటాయన పోర్టు నుండి సరుకు చేరవేసే ట్రెయిలరు లారీ నడుపుతారు. కొడుకు ఇంజనీరింగు చివరి సంవత్సరం. నిరుడు వాళ్ళ కళాశాలకు కంపెనీలు వచ్చే కాలం మొదలయింది. పై వాటాలో ఇద్దరు చిన్న పిల్లల గోల. అందుచేత నా చదువుకునే గదిని ఆ అబ్బాయికి సాయంత్రాలు అప్పగించాను. నాకూ కాలక్షేపమే.

ఈ ఊళ్ళో ఇప్పుడు ఇంజనీరింగు చదివే పిల్లలకు ఋషికొండ ఒక దిక్సూచి. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ ఇక్కడ కేంద్రం తెరచింది. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు ఋషికొండలో 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించేందుకు రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అదే ఏడు అక్టోబరులో గూగుల్ విశాఖలో కృత్రిమ మేధ కేంద్రానికి అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని ప్రకటించింది. 99 పైసల వార్త వచ్చిన రోజున లారీ నడిపే ఆ తండ్రి మెట్ల దగ్గర నన్ను ఆపి, "మేష్టారూ, రూపాయికి పైసా తక్కువటండీ ఎకరం. మనకిస్తే మనమూ కొందుం కదా" అని పగలబడి నవ్వాడు. నవ్వు తగ్గాక, "మా వోడికొస్తాదంటారా?" అని అడిగాడు. 1982లో మా నాన్నగారి గొంతు కూడా సరిగ్గా ఇదే స్థాయిలో ఉండేది.

అబ్బాయి చేస్తున్న సన్నాహం చూసి ఆశ్చర్యపోయాను. మొదట అంతర్జాలంలో ఒక వ్రాతపరీక్ష. సంఖ్యాజ్ఞానం, తార్కికజ్ఞానం, ఆంగ్లం, ఆపైన ప్రోగ్రాము వ్రాయడం. అది దాటినవారికి సాంకేతిక విషయాలపై మౌఖికం. అదీ దాటితే మానవవనరుల విభాగంవారి ముఖాముఖి. ఒక్కొక్క గడప దగ్గర సగం మంది వెనుదిరగవలసిందే. పడవ ప్రవాహానికి ఎదురు వెళితే ఎంతసేపు, రెండు రైళ్ళు ఎక్కడ కలుస్తాయి వంటి లెక్కలు మా కాలంలోనూ ఉండేవి. పొడుపుకథల వంటి ప్రశ్నలు కూడా కొన్ని సంస్థలు అడిగేవట. మరుగుకాలువ మూత గుండ్రంగా ఎందుకుంటుంది, విమానంలో ఎన్ని గోల్ఫు బంతులు పడతాయి - ఇటువంటివి. వీటివల్ల ఉద్యోగి యోగ్యత ఏమాత్రం తెలియదని, అదంతా వృథా ప్రయాస అని గూగుల్ మానవవనరుల విభాగాధిపతి లాస్లో బాక్ 2013లో న్యూయార్క్ టైమ్స్ పత్రికతో ఒప్పుకున్నాడు. ఈ పిచ్చి కొత్తదేమీ కాదు. థామస్ ఎడిసన్ తన దగ్గర ఉద్యోగానికి వచ్చే పట్టభద్రులకు నూటికి పైగా ప్రశ్నల పత్రం ఇచ్చేవాడు. 1921లో ఆ ప్రశ్నలు పత్రికలకెక్కాయి. అమెరికా పర్యటనలో ఉన్న ఐన్‌స్టీన్‌ను వాటిలో ఒకటి, ధ్వని వేగమెంత అని, విలేఖరులు అడిగారు. పుస్తకాల్లో దొరికే సంగతులను తాను తలలో మోయనని ఆయన చెప్పాడట. నా తరగతిలో ఎవరైనా ఆ మాట అని ఉంటే గోడకుర్చీ వేయించి ఉండేవాణ్ణి.

ఒక సాయంత్రం అబ్బాయి ఒక అభ్యాసం చేస్తున్నాడు. ఇచ్చిన పదం ముందునుండి చదివినా వెనుకనుండి చదివినా ఒకే తీరుగా ఉంటుందో లేదో చెప్పే ప్రోగ్రాము వ్రాయాలి. వాడు ఆంగ్లంలో మేడమ్, లెవెల్, రాడార్ అని పెట్టి చూస్తున్నాడు. పక్కనే ఉన్న నేను ఊరుకోగలనా? "వికటకవి పెట్టి చూడు నాయనా" అన్నాను. పెట్టాడు. యంత్రం 'కాదు' అంది.

తెనాలి రామకృష్ణుని బిరుదును కాదనడానికి ఇదెవరు అని నాకు రోషం వచ్చింది. "తప్పు వ్రాశావేమో చూసుకో" అన్నాను. 'జలజ' పెట్టాడు, ఔనంది. 'నటన' ఔను. 'మడమ' ఔను. 'కిటికి' కాదు. అబ్బాయి తల గోక్కున్నాడు. నాకు మాత్రం చటుక్కున వెలిగింది, ఒప్పుకున్నవాటిలో గుణింతపు గుర్తు ఒక్కటీ లేదు! యూనికోడ్‌లో 'వి' ఒక అక్షరం కాదు. 'వ' ఒక సంకేతం, దాని మీది గుడి మరొక సంకేతం. వెనుకనుండి చదివేసరికి గుడి ముందుకు వచ్చి, హల్లు లేకుండా గాలిలో వేలాడుతున్నది. యంత్రం తన లెక్క ప్రకారం నిజమే చెప్పింది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగుకు చోటు దక్కిందని మనం ఎంతగా పొంగిపోయామో మీకు గుర్తుండే ఉంటుంది. లేఖినిలో టకటకా కొడుతూ ఇన్నేళ్ళు గడిపిన నాకు, తెర వెనుక అక్షరం ఇలా అంగాంగాలుగా విడిపోయి ఉంటుందని ఆ రోజుదాకా తట్టలేదు.

"హల్లునూ దాని మీది గుర్తులనూ ఒక ముద్దగా పట్టుకో, అప్పుడు తిప్పు" అన్నాను. మర్నాటి సాయంత్రానికి వాడి ప్రోగ్రాము వికటకవిని అంగీకరించింది. 'వచ్చీసింది మేష్టారూ!' అని గది అదిరేలా అరిచాడు. 'వచ్చేసింది' అని సవరించాను. అలవాటు.

ఆ రోజుల్లోనే అబ్బాయి నాకొక ప్రకటన చూపించాడు. మనుషుల ప్రశ్నలకు తెలుగులో సమాధానాలిచ్చే కృత్రిమ మేధను తీర్చిదిద్దడానికి తెలుగు నిపుణులు కావాలట. యంత్రం వ్రాసిన రెండేసి సమాధానాలు చదివి ఏది మేలో నిర్ణయించి, కారణం వ్రాయాలి. ఇంటినుండే పని. గంటల లెక్కన వేతనం. వయోపరిమితి కనబడలేదు. "మీకన్నా ఎవరున్నారు మేష్టారూ, పెట్టీండి" అన్నాడు. (పెట్టేయండి అని మళ్ళీ సవరించాను.) సంస్థ పేరు చెప్పను. వారి తప్పు ఇందులో పెద్దగా లేదు.

దరఖాస్తులో విద్యార్హతల జాబితా ఒకటి, అందులోనుండి ఎంచుకోవాలి. భాషాప్రవీణ లేదు. విద్వాన్ లేదు. 'ఇతరములు' అన్నదాని మీద నొక్కాను. నలభై ఏళ్ళ చదువును 'ఇతరములు'లో వేయడానికి ఒక్క నొక్కు చాలింది. పాత అనుభవం ఒక్క పుటకు మించరాదన్నారు. అబ్బాయి కూర్చుని నా ముప్ఫై నాలుగేళ్ళను పన్నెండు పంక్తులకు కుదించాడు. చదువుకుంటే ఎవరిదో మరణవార్తలా ఉంది.

వ్రాతపరీక్ష ఒక ఆదివారం ఉదయం. కెమెరా ముందు కూర్చోవాలి, గదిలో మరెవరూ ఉండరాదు, చూపు తెర మీదనుండి మళ్ళరాదు. మొదలు పెట్టబోతే తెర మీద ఎర్రని హెచ్చరిక: గదిలో రెండవ వ్యక్తి ముఖం కనబడుతున్నది. వెనక్కి తిరిగి చూశాను. గోడకు మా నాన్నగారి పటం. గంధపు దండ, కోటు, ఆ సూటి చూపు. అబ్బాయి మెల్లగా తలుపు తీసి, "దించీయాలండి, లేకపోతే అది ఒప్పుకోదు" అన్నాడు. కుర్చీ ఎక్కి దించాను. మంచం మీద ఎలా పెట్టాలో తోచలేదు. వెల్లకిలా పెడితే మళ్ళీ ముఖం కనబడుతుందేమోనని బోర్లా పెట్టాను. పరీక్ష గంటన్నర. ఆ గంటన్నరా ఆయన నా వెనుక బోర్లా ఉన్నారన్న స్పృహ పోలేదు.

మొదటి ప్రశ్నలు వ్యాకరణం. చాలా సులభం, రెండు ప్రశ్నల్లో మాత్రం ఇచ్చిన జవాబులన్నీ తప్పే. ఒక ప్రశ్న దగ్గర ఆగాను. 'స్త్రీ' అన్న పదంలో ఎన్ని అక్షరాలు? ఒకటి, మూడు, నాలుగు, ఆరు. పూర్వమైతే క్షణం ఆలోచించేవాణ్ణి కాదు. వికటకవి ఉదంతం తరువాత తడబడ్డాను. నన్ను అడుగుతున్నది మనిషా, యంత్రమా? చివరకు ఒకటి అనే గుర్తు పెట్టాను. ఛందస్సులో అది ఒక గురువు. యంత్రం ఏమనుకున్నా అది ఒక్కటే.

తరువాత అసలు పని. అయిదు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి రెండు సమాధానాలు. నాలుగు ఇబ్బంది లేకుండా గడిచాయి. అయిదవది ఇది: "మా గుంటడికి రేత్రి నుండి జొరం. సల్దన్నం ఎట్టీమంటారా?"

మొదటి సమాధానం జ్వరపీడితుడైన బాలునికి శీతలాహారము వర్జనీయమని ఆరంభించి, శీతల పానీయములు, హిమఖండములు మొదలైనవాటిని గురించి ఒక చక్కని పేరా. అందులో ఒక్క తప్పు లేదు. అరసున్నలు ఒక్కటే తక్కువ. రెండవ సమాధానం బాబు వయసెంత, జ్వరం ఎంత ఉంది అని అడిగింది. నీళ్ళు తాగుతున్నదా అనీ అడిగింది. రాత్రి అన్నం ఎలా నిలవ ఉంచారో చూసుకోమని, ఈ పూటకు వేడి జావ పట్టించమని, జ్వరం తగ్గకపోతే వైద్యునికి చూపించమని చెప్పింది. 'బాబు తాగుతున్నదా' ఏమిటి? మహద్వాచకానికి అమహత్తు క్రియ! ఇంకా రెండు చోట్ల విభక్తి తప్పు. మొదటిది 'సల్ది'ని చద్దిగా కాక చల్లనిదిగా పొరబడిందని గమనించకపోలేదు. గమనించాను. అయినా భాషానిపుణుడుగా నన్ను పిలిచారు కదా, భాషను చూడవద్దా అనుకుని మొదటిదానికి అయిదుకు నాలుగు, రెండవదానికి రెండు వేశాను. కారణం కూడా వ్రాశాను, భాషాశుద్ధి అని.

పది రోజులకు మౌఖికం. తెర మీద ఒక అమ్మాయి ప్రత్యక్షమయింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. భాషాశాస్త్రం చదివి బెంగుళూరులో ఉంటున్నదట. "నమస్కారం సార్, మాది టెక్కలి దగ్గరండి" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. స్త్రీ ప్రశ్నతోనే మొదలుపెట్టింది. ఒకటి సరైన జవాబేనట. "మరి యంత్రం ఎన్ని అంటుందో చెప్పగలరా?" అంది. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి - ఆరు అన్నాను. ఆమె ముఖం వికసించింది. "ఇంకా లోపలికి వెళితే పద్ధెనిమిది సార్. యూటీఎఫ్-8 పద్ధతిలో మన ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు. ఆంగ్ల అక్షరానికి ఒకటే" అని వివరించింది. ఒక గురువులో పద్ధెనిమిది ముక్కలు! ఈ ఉద్యోగం నాకే రావాలని ఆ క్షణాన గాఢంగా కోరుకున్నాను. జీతం కోసం కాదు, ఇటువంటి మాటలు మాట్లాడేవాళ్ళ మధ్య ఉండడం కోసం.

తరువాత అయిదవ ప్రశ్న తెరచింది. "మొదటిదానికి నాలుగు వేశారు. ఎందుకో చెబుతారా సార్?"

చెప్పాను. భాషాశుద్ధి గురించి, యంత్రం తప్పుడు తెలుగు నేర్చుకుంటే రేపటి పిల్లలు దానినే నేర్చుకుంటారన్న భయం గురించి, బాగానే చెప్పాను. ఆమె అడ్డుపడకుండా విన్నది.

"ఆ తల్లికి ఏది పనికొస్తుందనుకుంటున్నారు సార్?"

"ఆమె కూడా కాస్త సరిగా అడిగి ఉంటే..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాను.

"ఆ ప్రశ్న నేనే వ్రాశాను సార్. మా అమ్మ అలాగే అడుగుతుంది" అంది. గొంతులో నిష్ఠూరమేమీ లేదు. వెంటనే మరో విషయానికి వెళ్ళిపోయింది, నా ఇంటి ఇంటర్నెట్ వేగం గురించి, వారానికి ఎన్ని గంటలు కేటాయించగలను అన్నదాని గురించి. నేను ఏం చెప్పానో గుర్తులేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కళ్ళ ముందు ఒక నోటుపుస్తకం. 1994 ప్రాంతం. భీమిలి దగ్గర సముద్రపుటొడ్డున ఉన్న పాఠశాల. ఎనిమిదవ తరగతికి 'మా అమ్మ' అని వ్యాసం ఇచ్చాను. ముప్ఫై అయిదు మంది ఒకే మార్గదర్శి పుస్తకం చూసి, అమ్మ దేవత, త్యాగమూర్తి, కొవ్వొత్తివలె కరిగిపోవునది అని వ్రాశారు. ఒక్క పిల్ల మాత్రం వాళ్ళమ్మ గురించి వ్రాసింది. అమ్మ తెల్లవారకముందే గంప ఎత్తుకుని రేవుకు వెళ్ళడం, ఏ వేళకు ఏ చేప వస్తుందో, కవ్వళ్ళు ఎలా ఎండబెట్టాలో, వర్షం వస్తే ఎండు చేపల మీద తన చీర ఎలా కప్పిందో - రెండు పుటలు. అన్నీ వాళ్ళింటి మాటల్లో. ఎలిపోద్ది, వచ్చీసింది, ఎట్టీసింది. నేను ఎర్ర సిరాతో పంక్తి పంక్తికీ గీతలు గీశాను. ఇరవైకి నాలుగు వేశాను. తరగతిలో పైకి చదివి వినిపించాను కూడా, 'ఇలా వ్రాయరాదు' అని చెప్పడానికి. పిల్లలు నవ్వారు. తరువాతి వ్యాసానికి ఆ పిల్ల మార్గదర్శిలోనిది అక్షరం పొల్లుపోకుండా దించి తెచ్చింది. పదునాలుగు వేశాను. ఆ తరువాత రెండేళ్ళూ అంతే. మంచి అభివృద్ధి సాధించిందని ప్రగతి పత్రంలో వ్రాసినట్టు కూడా జ్ఞాపకం.

అదే బడిలో ఏటా గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి నాడు ఉపన్యాసం ఇచ్చింది ఎవరో చెప్పనక్కరలేదు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో జననం, పర్లాకిమిడిలో ఉపాధ్యాయత్వం, సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చి దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చడం, పండితులతో వ్యావహారిక భాష కోసం పోరాటం - అన్నీ కంఠతా వచ్చు. చప్పట్లు కూడా కొట్టేవారు. సభ ముగిశాక సిబ్బంది గదికి వచ్చి కూర్చుని, ఎర్ర కలం మూత తీసేవాణ్ణి.

నన్ను సమర్థించుకోదలిస్తే దారి లేకపోలేదు. పదవ తరగతి పరీక్షలో పేపరు దిద్దేవారు ఆ పిల్లకు మార్కులు వేయరు, ఆమె మేలు కోరే గీతలు గీశాను అని చెప్పవచ్చు. అది అబద్ధం కాదు. కాని నలభై మంది ముందు చదివి వినిపించడం ఎవరి మేలు కోరి చేసినట్టు? దీనికి మాత్రం సమాధానం దొరకలేదు. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉందో తెలియదు. నలభై అయిదేళ్ళకు దగ్గర పడుతూ ఉండాలి.

ఈలోగా అబ్బాయి వ్రాతపరీక్ష దాటాడు, సాంకేతిక మౌఖికం దాటాడు. చివరి ముఖాముఖికి ముందురోజు నా గదిలో కూర్చుని, 'మీ గురించి చెప్పండి' అన్న ప్రశ్నకు ఆంగ్లంలో జవాబు వల్లె వేస్తున్నాడు. మా తండ్రిగారు లాజిస్టిక్స్ రంగంలో ఉన్నారు అన్న వాక్యం దగ్గరకు వచ్చేసరికి గొంతు కాస్త తగ్గుతున్నది. మూడుసార్లు విన్నాను. వాడే ఆగి, "అబద్ధం కాదు కదా మేష్టారూ?" అన్నాడు.

"కాదు" అన్నాను. వ్యాకరణం ప్రకారం కాదు మరి. ఇంకేదో చెప్పాలనిపించింది కాని, ఉద్యోగం వాడిది, ఉపదేశం నాది. మరునాటి పరీక్ష ముందు వాడి మనసు చెదరగొట్టే హక్కు నాకెక్కడిది? పైగా వాడి మాటలను ఆ ఏడాదిగా పూటకొకటి చొప్పున సవరిస్తూ వచ్చింది నేనే.

తీరా వాళ్ళు తండ్రి గురించి అడగనే లేదట. వేరే ఊరు వెళతావా, రాత్రిపూట పనిచేస్తావా, ఈ రెండే అడిగి పది నిమిషాల్లో పంపేశారట. నియామకపత్రం వచ్చింది. ఇంటిల్లిపాదీ సంబరం. లారీ ఆయన మిఠాయి పొట్లంతో వచ్చి, వద్దంటున్నా వినకుండా నా కాళ్ళు తాకాడు. పత్రంలో జీతం ఉంది, నిబంధనలు ఉన్నాయి, చేరవలసిన తేదీ ఒక్కటి లేదు. తరువాత తెలియజేస్తాం అన్నారు. ఎనిమిది నెలలయింది. అబ్బాయి రోజుకు నాలుగు సార్లు టపా పెట్టె తెరచి చూస్తాడు. మా నాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని తపాలా బంట్రోతు సైకిలు గంట కోసం చెవి ఒగ్గినట్టే. తేడా ఒక్కటే, ఆ బంట్రోతును "మాదేమైనా ఉందా?" అని అడగడానికి వీలుండేది.

నాకు వచ్చిన ఉత్తరం అంతకన్న పొట్టిది. మీ ఆసక్తికి ధన్యవాదాలు, ప్రస్తుతానికి మీ దరఖాస్తుతో ముందుకు సాగలేకపోతున్నాము, ఆరు నెలల తరువాత మళ్ళీ ప్రయత్నించవచ్చు. కింద 'దీనికి జవాబు వ్రాయకండి' అని. జవాబు వ్రాయాలని నిజంగానే ఉండింది, ఆ టెక్కలి అమ్మాయికి. రెండవ సమాధానానికి నాలుగు వేయవలసిందని, క్రియ తప్పుకు ఒకటి తగ్గించినా నాలుగు తప్పదని. చిరునామా తెలియదు.

ఆరు నెలలూ గడిచాయి. దరఖాస్తు మళ్ళీ తెరచి చూశాను. విద్యార్హతల జాబితాలో భాషాప్రవీణ ఇప్పటికీ లేదు. 'ఇతరములు' మీద నొక్కి, తరువాతి పుటకు వెళ్ళకుండా ఉంచాను. అబ్బాయి వాళ్ళమ్మను అడిగి ఇంటి మాటలు కొన్ని వ్రాసుకుంటున్నాను. చేపల పేర్లు పదిహేడు అయ్యాయి. ఆవిడకు నా అవస్థ వినోదంగా ఉంది. "ఇయన్నీ రాసుకోడమేటి మేష్టారూ, రేపు బజారుకి రండి సూపిస్తాను" అంటుంది. ఇంకా వెళ్ళలేదు, వాసన తట్టుకోగలనో లేదోనని సంకోచం.

అబ్బాయి మాత్రం ఆ తేదీ లేని ఉద్యోగం మీదనే కూర్చోకుండా మరో సంస్థకు పెట్టాడు. శనివారం ఉదయం తొమ్మిదింటికి పరీక్ష, నా గదిలోనే. నాన్నగారి పటం మళ్ళీ దించాలి.